పాత లెన్సుకు కొత్త ఉంగరం

షోలాపూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వారి మామగారు చాలాకాలం ఫోటోలు తీసినవారట. ఆయన పోయాక బీరువాలో నాలుగు నికాన్ లెన్సులు, బిగుసుకుపోయిన ఒక ఫిలిం కెమెరా మిగిలాయి. కొడుకు ఈమధ్యనే సోనీ మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాడు. ఈ లెన్సులు దానికి పనికొస్తాయా అని దుకాణంలో అడిగితే, "కంపెనీ వేరు, కాలం వేరు, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి" అన్నారట. నిజమేనా అని ఆవిడ ప్రశ్న.

నిజం కాదమ్మా. దయచేసి ఇవ్వకండి. ఆ నాలుగూ మీ అబ్బాయి కెమెరాకు ఎక్కుతాయి. మధ్యలో ఒక ఉంగరం కావాలి, అంతే. దాన్ని అడాప్టర్ అంటారు.

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ కుట్టుమిషన్ల గురించీ, గోడగడియారాల గురించీ రాస్తూ వచ్చానే గాని కెమెరాల జోలికి పోలేదు. కాని సరిగ్గా ఇదే సమస్య బరంపురంలో మా ఇంట్లోనూ వచ్చింది. మా అన్నయ్య స్టూడియో నడిపి, పోతూ పోతూ ఒక రేకు పెట్టె నిండా లెన్సులు వదిలి వెళ్ళాడు. అందుచేత నాకు తెలిసినంతవరకు కొంచెం వివరంగానే చెబుతాను. మన సంఘాల్లో స్టూడియోలు నడిపిన కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇలాంటి పెట్టెలు ఇంకెన్ని ఇళ్ళ అటకల మీద ఉన్నాయో!

ముందుగా ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. పిల్లలుంటే వాళ్ళచేత చేయించండి. పగటిపూట గదిలో దీపాలు ఆర్పి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర భూతద్దం పట్టుకోండి. ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటే ఒకానొక దూరంలో కిటికీ బయటి చెట్టూ ఆకాశమూ తలకిందులుగా గోడమీద స్పష్టంగా పడతాయి. ఒక్క అంగుళం అటూ ఇటూ అయితే బొమ్మ అలుక్కుపోతుంది. ఇప్పుడు గదిలోనే దగ్గరగా ఒక దీపం వెలిగించి, దాని బొమ్మను గోడమీద పట్టి చూడండి. భూతద్దాన్ని గోడకు ఇంకాస్త దూరంగా జరపవలసి వస్తుంది. దూరపు వస్తువుకు అద్దం గోడకు దగ్గరగా ఉండాలి, దగ్గరి వస్తువుకు దూరంగా జరగాలి. కెమెరా లెన్సు అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. గోడ ఉన్న చోట ఒకప్పుడు ఫిలిం ఉండేది, ఇప్పుడు సెన్సర్ ఉంది.

కాబట్టి ప్రతి కంపెనీ వాడూ తన లెన్సు కూర్చునే గట్టుకూ ఫిలింకూ మధ్య ఇంత దూరం అని ఒక కొలత పెట్టుకుని, దాని ప్రకారమే లెన్సులు తయారు చేశాడు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ గట్టుకు ఈ దూరం 46.5 మిల్లీమీటర్లు. జెనిత్ వంటి మరల బిగింపు కెమెరాలకు, అంటే ఎం 42 రకానికి, 45.46. పాత కెనన్ ఎఫ్‌డీకి 42. అదే కెనన్ 1987లో తెచ్చిన ఈఎఫ్‌కి 44. మినోల్టాకు 43.5. ఇవన్నీ నాలుగు సెంటీమీటర్లు దాటి ఎందుకున్నాయంటే, లోపల అద్దం ఉండేది కనుక. బొమ్మను కంటికి చూపించడానికి ఏటవాలుగా నిలబడి, మీట నొక్కగానే పైకి లేచే ఆ అద్దానికి చోటు కావాలి. మీరు విన్న ఆ 'టప్' మనే చప్పుడు దానిదే.

2008లో పానాసోనిక్ జీ 1 తో మొదలుపెట్టి ఈ అద్దాన్ని తీసేశారు. కంటికి కనిపించే బొమ్మను సెన్సరే చిన్న తెరమీద చూపిస్తుంది. అద్దం పోయాక అంత చోటు అక్కర్లేకుండా పోయింది. 2010లో వచ్చిన సోనీ ఈ గట్టుకు ఆ దూరం 18 మిల్లీమీటర్లే. ఫ్యూజీ ఎక్స్‌కి 17.7. 2018లో వచ్చిన నికాన్ జెడ్‌కి 16, అదే సంవత్సరం వచ్చిన కెనన్ ఆర్‌ఎఫ్‌కి 20.

ఇక లెక్క రెండో తరగతి పిల్లవాడు చేస్తాడు. పాత నికాన్ లెన్సుకు 46.5 కావాలి, సోనీ కెమెరాలో 18 ఉంది. తేడా 28.5. సరిగ్గా 28.5 మిల్లీమీటర్ల పొడవున్న బోలు గొట్టం ఒకటి చేసి, ఒక చివర సోనీ గట్టు, రెండో చివర నికాన్ గట్టు పెడితే లెన్సు తన సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. కెమెరా మారిందని దానికి తెలియను కూడా తెలియదు. గొట్టంలో గాజు లేదు, యంత్రం లేదు, ఏమీ లేదు. వాళ్ళు మనకు అమ్ముతున్నది కొలిచిన గాలి! వెయ్యి, రెండువేల రూపాయల్లో మామూలు రకం దొరుకుతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఈ ప్రయాణం ఒకవైపే. ఎక్కువ దూరం కావలసిన లెన్సును తక్కువ దూరం ఉన్న కెమెరాకు పెట్టవచ్చు, ఎందుకంటే ఖాళీని నింపవచ్చు. తక్కువ దూరం కావలసిన లెన్సును ఎక్కువ దూరం ఉన్న కెమెరాకు పెట్టాలంటే కెమెరాలోకి తవ్వుకుంటూ పోవాలి! అది జరిగే పని కాదు. బలవంతాన ముందు బిగిస్తే దగ్గరి పువ్వు కనిపిస్తుంది గాని వీధి చివర గుడి గోపురం ఎన్నటికీ స్పష్టంగా రాదు. భూతద్దం ప్రయోగంలో చూశారు కదా. పూర్వం కెనన్ వారు ఎఫ్‌డీ నుంచి ఈఎఫ్‌కి మారినప్పుడు వాళ్ళ సొంత ఖాతాదారులే ఈ 2 మిల్లీమీటర్ల దగ్గర చిక్కుకుపోయారు. 42 కావలసిన లెన్సును 44 ఉన్న కెమెరాకు పెట్టడమెలా? మధ్యలో ఒక గాజు పెట్టి సర్దుబాటు చేసే అడాప్టర్లు వచ్చాయి గాని బొమ్మ నాణ్యం తగ్గేది. నికాన్ సంగతి ఇంకో విచిత్రం. దాని కొలత అందరికంటే ఇంచుమించు పెద్దది కనుక ఆ లెన్సులు ఇతరుల కెమెరాలు కొన్నిటికి వెళ్ళేవి, ఆ కెమెరాకు మాత్రం బయటి లెన్సు వచ్చేది అరుదు. ఇచ్చే చెయ్యే గాని పుచ్చుకునే చెయ్యి కాదు. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఆ పాత తగవులన్నీ తీరిపోయాయి. కెనన్ ఎఫ్‌డీ లెన్సులకు ఇరవై యేళ్ళ అజ్ఞాతవాసం ముగిసింది. 2013లో సోనీ ఏ 7 వచ్చాక సెన్సర్ కూడా పాత ఫిలిం ముక్కంత, అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు ఉండడంతో లెన్సు చూపించినంతా కెమెరాలో పడుతోంది.

చిన్న సెన్సర్ కెమెరా అయితే మధ్యభాగమే పడుతుంది. 50 లెన్సు 75 లెన్సు చూసినంత మేరే చూస్తుంది. చెడ్డదేం కాదు, ముఖాలకు బాగుంటుంది. ఇంటిల్లిపాదినీ ఒక ఫోటోలో ఇరికించాలంటే మాత్రం గోడ అడ్డం వస్తుంది.

ఇక మా పెట్టె సంగతి. అన్నయ్య మనవరాలు చదువు అయ్యాక పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తానని బయలుదేరింది. ఉద్యోగం చూసుకోకుండా ఇదేమిటని ఇంట్లో గొణుగుడు. ఎవరో వాడిన సోనీ ఏ 7 రెండో తరం కెమెరా, దానితో వచ్చిన ఒక మామూలు జూమ్ లెన్సు కొనుక్కునేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. ముఖాలు తీయడానికి మంచి లెన్సు కావాలంటే దుకాణంలో నలభై వేలకు పైన చెప్పారు. పండక్కి వచ్చినప్పుడు నా దగ్గర ఈ మాట ఎత్తింది. మీ తాత పెట్టె చూశావా అన్నాను. "అవి పనికిరావు చిన్నతాతయ్యా, వాటిలో కరెంటు లేదు" అంది. లెన్సుకు కరెంటు ఎందుకో నాకు అప్పుడు తెలియదు. దాని కూడా కూర్చుని తెలుసుకున్నాను.

పెట్టెలో మూడు ముఖ్యమైనవి ఉన్నాయి. సోవియట్ జెనిత్‌తో వచ్చిన హేలియోస్ 44-2. ఇది 58 మిల్లీమీటర్ల లెన్సు, జర్మనీ వారి జైస్ బయోటార్‌ను చూసి చేసినది. వెనకాల ఆకులుంటే వాటి వెలుగు చుక్కలను సుడి తిరిగినట్టు చూపిస్తుంది. పాతరోజుల్లో అది దోషం అనేవారు, ఇప్పుడు కుర్రవాళ్ళు అదే కావాలని వెతుక్కుంటున్నారు. రెండోది నికాన్ 50. మూడోది నికాన్ 105 మిల్లీమీటర్లది, ఎఫ్ 2.5. పెట్టెలో నిధి ఏదంటే ఇదే. స్టీవ్ మెకరీ 1984లో పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ బాలిక ఫోటో ఉంది చూశారూ, 1985 జూన్ నేషనల్ జియోగ్రఫిక్ అట్ట మీద వచ్చినది, అది ఈ రకం లెన్సుతో తీసినదే. అన్నయ్యకు ఆ సంగతి తెలుసో లేదో గాని, బరంపురంలో ఎందరి పెళ్ళిచూపుల ఫోటోలు ఆ గాజులోంచి వెళ్ళాయో లెక్క లేదు.

రెండు అడాప్టర్లు తెప్పించాం, ఒకటి నికాన్‌కు, ఒకటి జెనిత్‌కు. వచ్చీ రాగానే బిగించి మీట నొక్కితే కెమెరా కదల్లేదు. లెన్సు లేదు అంటుంది! బోలు గొట్టంలో తీగలు లేవు కనుక ముందు ఏదో ఉందని కెమెరాకు తెలియదు. లెన్సు లేకపోయినా ఫోటో తియ్యి అని మెనూలో ఒక ఆజ్ఞ ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యాలి. కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడే అడాప్టర్ పాడైందని తిప్పి పంపేస్తారు. తరువాత చేతి వణుకు సర్దే సౌకర్యం ఉన్న కెమెరా అయితే, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదో మనమే చెప్పాలి. 50 నుంచి 105కు మార్చినప్పుడల్లా ఆ అంకె మార్చాలి.

వెలుగు ఎంత రావాలన్నది లెన్సు మీది ఉంగరంతో తిప్పుకుంటాం. ఫోకస్ కూడా చేత్తోనే. కరెంటు లేదంటే అర్థం ఇదన్నమాట. అద్దం ఉన్న రోజుల్లో ఉంగరం తిప్పి సన్నం చేస్తే కంటికి అంతా చీకటిగా కనిపించేది. ఇప్పుడు తెరమీద కెమెరాయే వెలుగు పెంచి చూపిస్తుంది. ఫోకస్ కుదిరిన అంచులకు ఎర్రటి గీత గీసి చూపే ఏర్పాటు ఉంది. కనురెప్ప ఒక్కదాన్నే తెరనిండా పెద్దది చేసి చూసుకోవచ్చు. నా మాట అడిగితే ఎర్రగీతను సగమే నమ్మండి, పెద్దది చేసి చూడడమే నయం. అన్నయ్యకు ఈ సౌకర్యం ఉండి ఉంటే ఎంత ఫిలిం మిగిలేదో!

మొదటి బొమ్మ వదినది తీసింది మనవరాలు. పొద్దున్న ఎండ వాకిట్లోకి ఏటవాలుగా పడుతున్న వేళ ఆవిడను అరుగుమీద కూర్చోబెట్టింది. 105 లెన్సుతో ముఖమూ భుజాలూ రావాలంటే బాగా వెనక్కి జరగాలి. ఇది జరుగుతూ జరుగుతూ గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళింది. వదినకు చూపు సరిగా ఆనదు, ఏ లెన్సో ఏ కెమెరాయో మేమెవ్వరం చెప్పలేదు. "మీ తాతా అంతేనే, నన్ను తియ్యాలంటే వీధిలోకి పోయి నిలబడేవారు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో అలాగే పడింది ఫోటోలో. ఇప్పుడది ముందుగదిలో ఉంది. ఉద్యోగం గురించిన గొణుగుడు కూడా ఆ మధ్య కాస్త తగ్గింది.

అలాగని పిల్లకు నేను చెప్పిన మాట ఒకటుంది, మీ పిల్లలకూ చెప్పండి. డబ్బు తీసుకుని చేసే పెళ్ళిలో జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు వంటి ఘట్టాలకు ఈ లెన్సులు వాడవద్దు. తలంబ్రాలప్పుడు ఇద్దరి చేతులూ కళ్ళూ నవ్వులూ ఒకేసారి కదులుతాయి. చేత్తో ఫోకస్ తిప్పేలోగా అయిపోతుంది, మళ్ళీ పొయ్యమని అడగలేం. దానికి ఆ మామూలు జూమే మేలు, తనంతట తనే ఫోకస్ చేసుకుంటుంది. పెళ్ళికూతురిని చేసేటప్పుడు, అమ్మమ్మలు పక్కన కూర్చుని వక్కలు కత్తిరించుకునేటప్పుడు, కిటికీ దగ్గర జడ వేసేటప్పుడు 105 తియ్యి అన్నాను. అలాగే చేస్తోంది. మొన్న ఒక పెళ్ళివారు పెద్దది చేయించుకున్న ఫోటోలు మూడయితే, వాటిలో రెండు తాత లెన్సువే.

లెన్సులన్నీ ఇంత సులువు కాదని కూడా చెప్పాలి. షోలాపూరు అమ్మగారు ముందు లెన్సు వెనకవైపు చూడాలి. అంకెలు రాసిన ఉంగరం, 2.8, 4, 5.6, 8 అని వరసగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు. నికాన్‌లోనే తరవాతి కాలపు జీ రకం వాటికి ఆ ఉంగరం ఉండదు. వాటికి అడాప్టర్ మీదే తిప్పే ఉంగరం ఉన్నది అడిగి కొనాలి. లేకపోతే లెన్సు పూర్తిగా మూసుకున్నట్టే ఉండిపోతుంది. కెనన్ ఈఎఫ్ లెన్సులు దీనికి తిరుగుడు. వాటి రెక్కలను కదిపేది కరెంటే కనుక బోలు గొట్టంతో పెడితే ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. వాటికి తీగలూ చిప్పూ ఉన్న అడాప్టర్ కావాలి. ఖరీదు ఎక్కువే గాని ఫోకస్ కూడా తనే చేస్తుంది. సోనీ కెమెరాలకు కెనన్ గట్టు ఉన్న లెన్సులు పెట్టడానికి సిగ్మా వారు 2016లో ఎంసీ 11 అని ఒకటి తెచ్చారు. కెనన్ కొత్త కెమెరాలకు కెనన్ వారి సొంత అడాప్టరే ఉంది, ఈఎఫ్ లెన్సులు దానిమీద పాత కెమెరా మీద చేసినట్టే పనిచేస్తాయి. నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ 2018లో వచ్చింది. అందులో ఒక మెలిక. లెన్సులోనే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ రకానికి ఫోకస్ నడుస్తుంది. కెమెరాలోని మోటారు మర తిప్పితే నడిచే పాత ఏఎఫ్-డీ రకానికి నడవదు, చేత్తో తిప్పుకోవలసిందే. ఈ తేడా తెలియక కొని బాధపడినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఇద్దరున్నారు.

ఎం 42 లెన్సుల్లో కొన్నిటికి వెనకాల ఒక సన్నని పిన్ను పొడుచుకుని ఉంటుంది. దాన్ని నొక్కిపట్టే అంచు ఉన్న అడాప్టర్ అయితేనే రెక్కలు మూసుకుంటాయి. మా 44-2కు పిన్ను లేదు, రెండు ఉంగరాలు చేత్తోనే తిప్పాలి, ఆ బాధ లేదు. 44 ఎం అని రాసి ఉంటే పిన్ను ఉంటుంది.

చవక అడాప్టర్లను కావాలనే ఒక వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. పొడవైతే దూరం దొరకదు, పొట్టి అయితే దూరం దాటి తిరుగుతుంది, అంతే నష్టం. కాబట్టి చంద్రుణ్ణి తీసేటప్పుడు ఉంగరాన్ని చివరిదాకా తిప్పి ఊరుకోకుండా కంటితో చూసి ఆపండి. బిగించాక లెన్సును పట్టి కదిపితే ఊగులాడే అడాప్టర్ తిప్పి పంపేయండి. లోపలి గోడ తళతళ మెరుస్తూ ఉంటే ఎదురుఎండలో బొమ్మ తెల్లబారుతుంది, మెరుపు లేని నల్లరంగు పూసి ఉండాలి. లెన్సు బరువైతే పట్టుకోవలసింది లెన్సును, కెమెరాను కాదు. కొన్ని పాత లెన్సులకు వెనకభాగం బాగా పొడుచుకువస్తుంది. అలాంటివాటిని తోసి బిగించకండి, లోపల సెన్సర్ ఉంది.

ఏ లెన్సుతో తీశామన్నది బోలు అడాప్టర్ అయితే ఫోటోలో నమోదు కాదు. మనవరాలు చిన్న నోటు పుస్తకం పెట్టుకుంది. అన్నయ్యకూ ఆ అలవాటు ఉండేది, ఆయన పుస్తకాలు ఇంకా పెట్టెలో ఉన్నాయి.

అదే పెట్టెలో నాలుగో లెన్సు ఒకటి ఉండేది, 135 మిల్లీమీటర్లది. దానికి బూజు పట్టింది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో, బరంపురమైనా యానామైనా చెన్నపట్నమైనా, లెన్సులను తినేది కాలం కాదు, ఈ బూజు. పట్టిందో లేదో తెలుసుకోవడం తేలిక. చీకటి గదిలో టార్చి వెలిగించి ఒకవైపు నుంచి లెన్సులోకి వేసి రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులా, చెట్టు వేళ్ళలా సన్నటి పోగులు కనిపిస్తే అదే. అంచున ఒకటి రెండు పోగులుంటే బొమ్మకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. గాజంతా అల్లుకుంటే అంతా పొగమంచులోంచి చూసినట్టు ఉంటుంది. మాది రెండో రకం. కటకంలో ఒక మెకానిక్కు చూపిస్తే, బాగుచేసే కూలి లెన్సు ధర దాటుతుంది, చేసినా గాజుమీద మచ్చలు మిగులుతాయి అన్నాడు. దాన్ని అలాగే విడిగా ఉంచాం, మిగతావాటి పక్కన పెట్టలేదు.

బీరువాలో తోలు సంచీల్లో ఉన్నవాటిని ఈ ఆదివారమే బయటికి తియ్యండి. ఆ తోలు చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని తేమను పట్టి ఉంచుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాం వేసి అందులో పెట్టండి. నీలిరంగుది తెచ్చుకుంటే తేమ పీల్చి నిండిపోగానే గులాబీరంగుకు తిరుగుతుంది, మూకుడులో సన్నని సెగమీద వేడిచేస్తే మళ్ళీ నీలం అవుతుంది. ఆ మూకుడు మాత్రం మళ్ళీ వంటకు వాడకండి. ఉంగరాలు బిగుసుకుపోయాయని కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె వెయ్యకండి, అది జారి రెక్కల మీదికీ గాజుమీదికీ పోతుంది. నెలకొకసారి తీసి రెండుమూడు ఫోటోలు తీసినా చాలు, గాలీ వెలుతురూ తగులుతాయి.

షోలాపూరు అమ్మగారు తమ లెన్సుల మీద చుట్టూ రాసి ఉన్న అక్షరాలూ అంకెలూ ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి పంపితే, ఏ అడాప్టర్ కొనాలో విడిగా జవాబు రాస్తాను. ఇతరులూ పంపవచ్చు.